ఇంకే ఎపాక్సీ: నాలుగేళ్ల తర్వాత స్ట్రింగర్ కోసి చూస్తే

పాత ఫైబర్‌గ్లాస్ పడవ లోపల చీకిన కర్రను పెకలించకుండానే గట్టిపరుస్తుందని అమ్మే పలచటి ఎపాక్సీని (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) నాలుగేళ్లుగా వాడుతున్నాను. కలిపే కొలత, ఆరే సమయం డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నా పేచీ అంతా "లోపలికి ఇంకుతుంది" అన్న ఒక్క మాటతోనే. ఇంకుతుంది, అందులో అబద్ధం లేదు. ఎక్కడిదాకా ఇంకి ఎక్కడ ఆగిపోతుందో మాత్రం డబ్బా మీద ఎక్కడా రాసి ఉండదు.

మొదటి ఏడాది హాచ్ (డెక్ మీది మూత) చట్రానికీ, సీటు కింది చెక్కకూ వేసినప్పుడు దీన్ని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. గోటితో గీస్తే పొడిగా రాలే కర్ర వారంలో ఉలి దిగనంత గట్టిపడింది. ఆ రెండూ ఇప్పటికీ బాగున్నాయి. కాకపోతే ఆ రెండు ముక్కలూ ఊడదీసి, నెలరోజులు నీడన ఆరబెట్టి, అన్ని వైపుల నుంచీ పట్టించినవి. నార చివరలు తెరుచుకుని ఉండే అడ్డకోత మీద ఇది సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. పక్క ముఖం మీద రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పోదు.

ఇంజన్ కూర్చునే స్ట్రింగర్‌కి, అంటే పడవ అడుగున పొడవునా ఉండే దూలానికి, వచ్చేసరికి బండారం బయటపడింది. పైనున్న ఫైబర్‌గ్లాస్ పొరలోంచి 5 మిల్లీమీటర్ల బెజ్జాలు, 30 మిల్లీమీటర్ల ఎడంతో, రెండు వరుసల్లో, కిందికి వాలుగా వేశాను. వేడిగాలి పట్టించి, తేమ మీటరు 14 శాతం చూపించాక, సిరంజితో పక్క బెజ్జంలోంచి పొంగేదాకా ఎక్కించాను. సుత్తితో తడితే ఠంగుమంది. నాలుగో ఏడాది ఇంజన్‌ని దూలానికి పట్టి ఉంచే మౌంట్ బోల్టు బిగిస్తుంటే ఎంత తిప్పినా బిగియకుండా తిరుగుతూనే ఉంది. పై గ్లాస్ కోసి తీసి చూస్తే, ప్రతి బెజ్జం చుట్టూ బొటనవేలంత లావున తేనెరంగు గుంజ ఒకటి రాయిలా నిలబడి ఉంది. గుంజకీ గుంజకీ మధ్య ఉన్నది నల్లటి ముద్ద. వేళ్లతో పిండితే నీళ్లు కారాయి.

కారణం వెతకడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. నీళ్లు నిండిన కణాల్లోకి రెసిన్ పోదు. దారి సులువుగా ఉన్న పగుళ్లలోంచి పరుగెత్తి పక్క బెజ్జంలో తేలుతుంది, మనం లోపలంతా నిండిందనుకుంటాం. పిన్నులు గుచ్చి చూసే తేమ మీటరు చెప్పేది పిన్నులు దిగినంత లోతు సంగతే, పైన ఆరినంతమాత్రాన మధ్యలో ఆరినట్టు కాదు. మిగిలిన తడికి పైన గ్లాసూ, పక్కన రెసినూ అడ్డం పడి ఇక ఆరే మార్గమే ఉండదు. పైగా ఈ రకం పలచగా ఉండేది సాల్వెంట్ (ఆవిరయ్యే ద్రావకం) కలపడం వల్ల. మూసుకున్న చోట అది ఆవిరి కాలేక లోపలే ఉండిపోతే రెసిన్ రబ్బరులా మెత్తగా మిగిలిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, శిలీంధ్రం తినేసిన నారను ఏ రెసినూ తిరిగి తేలేదు. గట్టిదనం వస్తుంది కానీ బరువు మోసే పొడవాటి నార రాదు. స్ట్రింగర్‌కి కావలసింది ఆ నారే.

చివరికి కోసి మార్చాల్సిందే అయింది. హల్‌కి (పడవ ఒడలికి) కింద నాలుగైదు చోట్ల ఆనింపు పెట్టి, పాత దూలం ఎత్తును దారం లాగి కొలిచి, అట్టతో అచ్చు తీసుకున్నాకే రంపం పట్టాలి. రెండు దూలాలూ ఒకేసారి తీస్తే హల్ ఆకారం మారి, ఇంజన్ షాఫ్టు వరుస తప్పుతుంది. చీకు కనబడిన చోటు దాటి ఇంకో 30 సెంటీమీటర్లు మంచి కర్రలోకి కోయాలి. అతుకు ఏటవాలు కోత పొడవు మందానికి 8 రెట్లు, అంటే 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైకి (పడవలకు వాడే ప్లైవుడ్‌కి) 144 మిల్లీమీటర్లు. ముందు చిక్కబరిచే పొడి కలపని ఎపాక్సీ రెండు ముఖాలకూ పూసి, అది కర్రలోకి ఇంకాక సిలికా పొడి కలిపిన ముద్ద పెట్టాలి. మొదటి పూత వదిలేస్తే ముద్దలోని రెసిన్‌ని కర్ర పీల్చేసి అతుకు ఎండుగా మిగులుతుంది. క్లాంపు మరీ బిగించినా అదే గతి. మూలల్లో 20 మిల్లీమీటర్ల గుండ్రటి ఫిల్లెట్ (ముద్దతో మూల నింపిన వంపు), దాని మీద రెండు దిక్కుల నారలుండే బైయాక్సియల్ గ్లాస్ మూడు పొరలు, ఒక్కోటి ముందుదానికన్నా 50 మిల్లీమీటర్లు వెడల్పు. ఆరిన పొర మీద జిడ్డుగా తేలే అమైన్ పొరను సాండింగ్‌కి ముందే మంచినీళ్లతో రుద్ది కడగాలి. ముందే సాండింగ్ చేస్తే ఆ జిడ్డు గీతల్లోకి ఎక్కి పై పొర అతకదు.

ఈ పలచటి రకం ఇచ్చే ఇంకుడు మామూలు ఎపాక్సీతోనూ చాలావరకు వస్తుంది. కర్రను కాస్త వేడి చేసి, చల్లారుతుండగా పూస్తే లోపలి గాలి కుంచించుకుపోతూ రెసిన్‌ని లోపలికి లాగుతుంది. అదే వేడెక్కుతున్న కర్ర మీద పూస్తే గాలి బయటికొచ్చి బుడగలు లేస్తాయి.

నా పడవ సీజనంతా నీళ్లలోనే ఉంటుంది, ఇంజన్ లోపలే ఉంటుంది, కాబట్టి బరువు మోసే ఏ కర్రకీ దీన్ని మళ్లీ వాడను. ట్రైలర్ మీద పొడిగా ఉండే చిన్న పడవకైతే, ఊడదీసి ఆరబెట్టగలిగే హాచ్‌లకీ, అల్మారా పలకలకీ పనికొస్తుంది. ఇప్పటికే స్ట్రింగర్‌లో ఎక్కించినవాళ్లు రెండు బెజ్జాల మధ్య, పైన కాకుండా పక్క నుంచి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో ఒకసారి తొలిచి పొట్టు చూసుకోండి. బిట్‌కి నల్లగా తడిగా అంటుకుని వస్తే ఇంజన్ ఎత్తడానికి ఏర్పాట్లు మొదలుపెట్టండి. లేత రంగులో పొడిగా రాలితే ఆ బెజ్జాన్ని చిక్కటి ఎపాక్సీతో అదే రోజు మూసేయండి.