టార్గెట్ల సారు మేలా, తోడొచ్చే సారు మేలా?

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ వైపు పోస్టింగ్ పడితే, అక్కడ పనిచేసొచ్చిన వాళ్లకు ఫోన్ చేసి మనవాళ్లు తప్పక అడిగే మాట ఒకటుంది: "పైన సారు ఎలాంటివారండీ?" పని మీద ఆసక్తి ఉంటుందో ఊడుతుందో చాలావరకు ఆ జవాబును బట్టే ఉంటుంది.

ఒక రకం సారు టార్గెట్ ఇస్తారు, పూర్తిచేస్తే మంచి మార్కులు, తప్పితే షోకాజ్. రెండో రకం సారు ఈ పని ఎవరికోసమో చెప్పి, కష్టమొస్తే వెనక నిలబడతారు. నాయకత్వం మీద పరిశోధించిన జేమ్స్ బర్న్స్ 1978లో, బెర్నార్డ్ బాస్ 1985లో విడదీసి చూపించిన తేడా దాదాపు ఇదే. "మీ ఇష్టం, నన్ను అడక్కండి" అనే మూడో రకం గురించి చెప్పుకోవడం దండగ.

తహసీల్ ఆఫీసులో కులధ్రువీకరణ పత్రం కావాలంటే నాకు మొదటి రకం సారే మేలు. ఒడిశాలో 2012 నుంచి సేవల హక్కు చట్టం ఉంది; గడువు దాటితే అప్పీలు, జరిమానా ఉన్నాయి. గుమస్తాకు స్ఫూర్తి ఉపన్యాసాలు అక్కర్లేదు.

కొండ మీద లెక్క వేరు. 2017లో మారుమూల ఊళ్లలో మొదలైన 'దమన్' మలేరియా శిబిరాల్లో జ్వరం ఉన్నా లేకున్నా ఊరందరికీ రక్తపరీక్ష చేయాలి. నర్సమ్మ ఇంట్లో మాట్లాడేది తెలుగు, రిజిస్టరు ఒడియా, ఎదురుగా కూర్చున్న అవ్వకు వచ్చేది అక్కడి గిరిజన భాష కువి ఒక్కటే. వేలు గుచ్చించుకోమని ఒప్పించాలి. మొదటి సారు "ఎన్ని కిట్లు వాడారు?" అంటారు. దాంతో రోడ్డు పక్క ఊళ్లతో రిజిస్టరు నిండుతుంది, పై ఊరు మిగిలిపోతుంది. రెండో సారు "పై ఊరికి వెళ్లడానికి అడ్డేంటి?" అని అడిగి, బండి, కువి తెలిసిన మనిషిని చూస్తారు. ఒడిశాలో 2016లో 4 లక్షలు దాటిన మలేరియా కేసులు 2019కి 40 వేల లోపుకు దిగాయి. దోమతెరల పుణ్యం కూడా ఉందిలెండి, అంతా సార్ల ఘనతే అననక్కర్లేదు. కానీ తెర పంచడానికైనా ఎవరో ఒకరు కొండెక్కాలి కదా.

జనానికి మేలు చేయాలన్న తపనకు పెర్రీ, వైజ్ అనే పరిశోధకులు 1990లో ఒక సిద్ధాంతరూపం ఇచ్చారు. నా మటుకు నాకు, ఆ తపన చాలామందిలో ఉద్యోగంలో చేరేటప్పుడే ఉంటుంది. దాన్ని సారు పుట్టించడం అరుదు, చంపేయడం మాత్రం రెండు రివ్యూ మీటింగుల పని.

అలాగని రెండో సారులో లోపం లేదనుకోకండి. ఆయన బదిలీ అయితే ఊపంతా ఆయనతోనే వెళ్లిపోతుంది. పైగా మంచి సారు మాట కాదనలేక ఆదివారాలూ పనికే పోతాయి. ఆశా కార్యకర్తకు అందేది ప్రధానంగా పనిలెక్కన ప్రోత్సాహకం. అది ఆలస్యమైతే ఎంత మంచి మాటైనా కడుపు నింపదు. అందుకే రెండో రకం సారు దొరికారని మురిసిపోయేవాళ్లు, ఆయన మొదటి మీటింగులోనే పెండింగ్ బిల్లుల సంగతి కదపడం మంచిది.