ఇంగ్లండ్ బడుల్లో ఫ్రీ స్కూల్ మీల్స్: వర్క్ వీసా కుటుంబంగా నాలుగో ఏడు వాడుతూ రాస్తున్న సమీక్ష

నేను కేర్ హోమ్‌లో పనిచేస్తాను. 2022లో హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద మావారితో, ఇద్దరు పిల్లలతో ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక పట్టణానికి వచ్చాను. అప్పుడు బాబు ఇయర్ 4లో, పాప రిసెప్షన్‌లో (ప్రాథమిక బడిలో ఇయర్ 1కి ముందుండే తరగతి) చేరారు. ఇప్పుడు బాబు సెకండరీ స్కూల్లో ఇయర్ 7, పాప ఇయర్ 3. ఇంటికి ఒక్క జీతమే ఆధారం కాబట్టి, పిల్లలకు బడిలో ఉచితంగా దొరికే మధ్యాహ్న భోజనం మా నెలవారీ లెక్కల్లో చాలా పెద్ద విషయం. ఇక్కడి బడులు ఏడాదికి 190 రోజులు నడుస్తాయి. డబ్బు కట్టి తినే పిల్లవాడికి ప్రాథమిక బడిలో పూటకు రెండున్నర పౌండ్లు అనుకున్నా, ఒక్కొక్కరికి ఏడాదికి 475 పౌండ్లు అవుతుంది. కనీస జీతం మీద వచ్చిన కుటుంబానికి అది తేలికగా తీసుకోదగిన మొత్తం కాదు.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. భోజన పథకంగా ఇది మంచిది, పిల్లల గౌరవానికి భంగం రాకుండా నడుస్తోంది. కానీ మావంటి వీసా కుటుంబాలకు అర్హత ఉన్న సంగతి తెలిసే మార్గమే సరిగా లేదు. తెలిసినవారికి అందుతుంది, తెలియనివారి పిల్లలు డబ్బు కట్టి తింటారు, లేదా ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టెముక్కతో సరిపెట్టుకుంటారు. ఈ సమీక్ష రాయడానికి ముఖ్య కారణం అదే.

అర్హత మూడు దారుల్లో వస్తుంది. మొదటిది వయసును బట్టి వచ్చేది. ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలందరికీ 2014 సెప్టెంబరు నుంచి మధ్యాహ్న భోజనం ఉచితం. తల్లిదండ్రుల ఆదాయంతో గాని వీసాతో గాని దీనికి సంబంధం లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పిల్లలైనా, కేర్ వర్కర్ పిల్లలైనా ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు. లండన్‌లో ఉన్నవారికి 2023 సెప్టెంబరు నుంచి మేయర్ నిధులతో ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలందరికీ ఈ సౌకర్యం అందుతోంది. వేల్స్‌లోనూ ప్రాథమిక బడుల పిల్లలందరికీ ఇస్తున్నారు. మా పట్టణం ఈ రెంటిలోనూ లేదు కాబట్టి ఇయర్ 3 నుంచి మేము వేరే దారి చూసుకోవలసి వచ్చింది.

రెండో దారి ప్రభుత్వ ఆర్థిక సహాయం పొందేవారిది. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే నెలవారీ సహాయం) తీసుకుంటూ, పన్ను పోను ఏడాదికి 7,400 పౌండ్ల లోపు సంపాదన ఉన్న కుటుంబాలకు 2018 ఏప్రిల్ నుంచి అర్హత ఇచ్చారు. 2026 సెప్టెంబరు నుంచి ఆ పరిమితిని తీసివేసి, యూనివర్సల్ క్రెడిట్ పొందే ప్రతి కుటుంబంలోని పిల్లలకూ ఇస్తామని ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. శాశ్వత నివాసం పొంది ఆ సహాయానికి అర్హులైన తెలుగువారికి ఇది మంచి మార్పు.

మూడో దారి గురించి బడి నోటీసు బోర్డులో నేను ఎన్నడూ చూడలేదు. మా వీసాల మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అన్న షరతు ఉంటుంది, అంటే యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్ వంటివి మేము తీసుకోరాదు. అందువల్ల రెండో దారి మాకు పూర్తిగా మూసుకుపోయింది. అయితే ఈ షరతు ఉన్న కుటుంబాల పిల్లలకు కూడా, ఆదాయం తక్కువగా ఉంటే, ఉచిత భోజనం శాశ్వతంగా ఇస్తామని ప్రభుత్వం 2022 మార్చిలో ప్రకటించింది. వర్క్ వీసా, స్టూడెంట్ వీసా, స్పౌజ్ వీసా కుటుంబాలన్నీ ఇందులోకి వస్తాయి. లండన్ బయట ఒక బిడ్డ ఉన్న కుటుంబానికి ఏడాదికి 22,700 పౌండ్లు, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది ఉంటే 26,300 పౌండ్లు ఆదాయ పరిమితి. లండన్‌లో అవే 31,200, 34,800 పౌండ్లు. వీటితోపాటు పొదుపు 16,000 పౌండ్లకు మించి ఉండకూడదు. యూనివర్సల్ క్రెడిట్ దారిలోని 7,400తో పోలిస్తే ఈ అంకెలు చాలా పెద్దవిగా కనిపిస్తాయి గాని, మాకు జీతం తప్ప అద్దెకు గాని పిల్లల ఖర్చుకు గాని వేరే ఏ సాయమూ రాదన్నది గుర్తుపెట్టుకుంటే అవి న్యాయమైనవే అనిపిస్తుంది. మేము వచ్చిన ఏడాది కేర్ వర్కర్ వీసాకు కనీస జీతం 20,480 పౌండ్లు. ఆ జీతం మీద ఇద్దరు పిల్లలతో వచ్చి, భార్యాభర్తల్లో ఒక్కరే పనిచేస్తున్న కుటుంబం ఈ పరిమితి లోపలే ఉంటుంది. అటువంటి తెలుగు కుటుంబాలు ఒక్క మా పట్టణంలోనే ఎన్నో ఉన్నాయి.

మరి వారిలో ఎక్కువ మంది దరఖాస్తు ఎందుకు చేయలేదంటే, భయం వల్ల. ఉచిత భోజనం తీసుకుంటే వీసా రద్దవుతుందనీ, శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసినప్పుడు అడ్డం తిరుగుతుందనీ మా వాట్సాప్ గ్రూపుల్లో తరచూ చెప్పుకుంటారు. లక్షల అప్పు చేసి వచ్చినవారికి వీసా మాట వినగానే గుండె జారిపోవడం సహజం, ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ విషయం స్పష్టంగా ఉంది: వలస చట్టం ప్రకారం ‘పబ్లిక్ ఫండ్స్’ జాబితాలో ఉచిత బడి భోజనం లేదు. ఈ షరతు ఉన్న కుటుంబాల కోసమే ప్రభుత్వ విద్యాశాఖ ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రచురించింది కూడా. షరతును ఉల్లంఘించినట్టయ్యేది చైల్డ్ బెనిఫిట్ వంటివి తీసుకుంటేనే గాని, బిడ్డ బడిలో అన్నం తింటే కాదు. ఈ వాక్యాన్ని ఎవరైనా తమ గ్రూపులో పంచుకుంటే నాకు ఎంతో సంతోషం.

ఇక దరఖాస్తు సంగతి. నాకు ఈ పథకంతో ఉన్న అసలు అసంతృప్తి ఇక్కడే. బడి ఆఫీసులో అడిగితే ముందుగా కౌన్సిల్ (ఊరి స్థానిక పాలక సంస్థ) వారి ఆన్‌లైన్ పోర్టల్ లింకు ఇస్తారు. అందులో పేరు, పుట్టిన తేదీ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు నింపగానే, ప్రభుత్వ రికార్డుల్లో మనకు ఏ ఆర్థిక సహాయం అందుతోందో యంత్రమే సరిచూసి జవాబు చెబుతుంది. సహాయం పొందేవారికి ఇది గొప్ప సౌకర్యం, ఒక్క కాగితమూ జతచేయనక్కరలేదు. మాకు ఏ సహాయమూ అందదు కాబట్టి అది ‘అర్హత లేదు’ అని చెప్పేస్తుంది. ఆ జవాబు రెండో దారికి మాత్రమే వర్తిస్తుంది, మూడో దారిని ఆ యంత్రం అసలు పరిశీలించలేదు అన్న సంగతి తెరమీద ఎక్కడా రాసి ఉండదు. నాకు తెలిసిన కుటుంబాలు కొన్ని ఆ ఒక్క వాక్యం చూసి ఆగిపోయాయి. మా బడి ఆఫీసులోనూ మొదట అదే మాట చెప్పారు. ఈ దారి గురించి నాకు చెప్పినది మరో కేర్ హోమ్‌లో పనిచేసే మలయాళీ సోదరి. ఆవిడ చెప్పినట్టే విద్యాశాఖ మార్గదర్శకాల పేజీని అచ్చు తీసి పట్టుకెళ్లి, పోర్టల్ కాకుండా కాగితం మీద పరిశీలించమని అడిగాను. ఆఫీసులోని ఆవిడ దాన్ని శ్రద్ధగా చదివి, కౌన్సిల్‌కు ఫోన్ చేసి, వేరే ఫారం తెప్పించి ఇచ్చారు. ఆ మనిషి మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ఆవిడకు కూడా ఎవరూ చెప్పలేదు. తప్పు ఏర్పాటులో ఉంది.

ఆ ఫారంతో వీసా రుజువు, ఇటీవలి నెలల పేస్లిప్పులు, ఇంట్లో పెద్దలందరి బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఇచ్చాను. పొదుపు ఎంత ఉందో చూపించమన్నారు. మొదటిసారి బీఆర్పీ కార్డు (వీసా వివరాలుండే నివాస అనుమతి కార్డు) నకలు సరిపోయింది. కార్డుల కాలం 2024తో ముగిసి ఈ-వీసా వచ్చాక, పాప కోసం మళ్లీ దరఖాస్తు చేసినప్పుడు షేర్ కోడ్ (మన వీసాను ఇతరులు ఆన్‌లైన్‌లో సరిచూసుకునేందుకు మనం తీసి ఇచ్చే కోడ్) అడిగారు. షేర్ కోడ్ 90 రోజులే పనిచేస్తుంది కాబట్టి దాన్ని ముందుగా తీసి దాచుకోవద్దు, మిగతా కాగితాలన్నీ సిద్ధమయ్యాకే తీసుకోవాలి. ఇంటికి పంపే డబ్బుకూ, అప్పు వాయిదాలకూ నేను నింపిన ఫారంలో గడి లేదు, జీతం ఎంతో అంతే చూశారు. ఓవర్‌టైమ్ ఎక్కువ చేసిన నెలల పేస్లిప్పులే ఇస్తే ఏడాది ఆదాయం పరిమితి దాటినట్టు కనిపించవచ్చు. అందుకని పీ60 (ఏడాది మొత్తం జీతం, పన్ను చూపే కాగితం) కూడా జతచేయడం మంచిదని నా అనుభవం. మంజూరైన తేదీకి ముందు మేము కట్టిన భోజనం డబ్బు తిరిగి రాలేదు.

పాప విషయంలో ఒక ముఖ్యమైన మాట ఉంది. రిసెప్షన్ నుంచి ఇయర్ 2 వరకు భోజనం ఎలాగూ ఉచితమే కాబట్టి ఫారం ఎందుకు నింపాలని చాలామంది అంటారు. నింపాలి. ఆదాయాన్ని బట్టి అర్హత పొందినట్టు నమోదైన ప్రతి పిల్లవాడి పేరునా ప్రభుత్వం బడికి ‘ప్యూపిల్ ప్రీమియం’ అన్న అదనపు నిధి ఇస్తుంది. 2024-25లో అది ప్రాథమిక బడిలో ఒక్కొక్కరికి 1,480 పౌండ్లు, సెకండరీలో 1,050 పౌండ్లు. ఆ డబ్బు మన చేతికి రాదు, వెనకబడిన పిల్లల చదువుకు బడి ఖర్చుపెడుతుంది. ఇంగ్లిష్‌లో తడబడుతున్న మా పాపకు చిన్న బృందంలో చదవడం నేర్పిన సహాయకురాలిని ఏ నిధులతో పెట్టారో నాకు తెలియదు గాని, అటువంటి సాయానికే ఆ డబ్బు ఉద్దేశించినది. ఉచితం అందరికీ అన్న మూడేళ్లలోనూ మేము పాప పేరు నమోదు చేయించాము. ఇయర్ 3లోకి వెళ్లిన రోజున కొత్త కాగితాలు సరిచూసుకున్నారే తప్ప భోజనం ఒక్క పూట కూడా ఆగలేదు.

భోజనం రుచి గురించి అడిగేవారికి: మన పిల్లలకు అలవాటు కావడానికి సమయం పడుతుంది. ఇంగ్లండ్‌లో 2015 జనవరి నుంచి అమల్లో ఉన్న ఆహార ప్రమాణాల ప్రకారం రోజూ కూరగాయలో సలాడో ఉండాలి, నూనెలో వేయించినవి వారానికి రెండుసార్లకు మించకూడదు, శాకాహారులకు వారంలో కనీసం మూడు రోజులు పాలు, చీజ్ కాని మాంసకృత్తులు పెట్టాలి. మా బడిలో ఇది చాలావరకు పాటించారు: రాజ్మా వంటి గింజలతో చేసిన కూర, పప్పుతో చేసిన ‘పై’ (pie), కాల్చిన బంగాళాదుంప మీద బేక్డ్ బీన్స్, శుక్రవారం చేపా చిప్స్. మేము గొడ్డు మాంసం తినము, ఆ సంగతి చేరేటప్పుడే రాసి ఇచ్చాము. పిల్లల మెడలో రంగు పట్టీ వేసి వంటవాళ్లు గుర్తుపడతారు, ఇన్నేళ్లలో పొరపాటు జరగలేదు. పూర్తి శాకాహారులు మాత్రం తీపి పదార్థాల్లో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) గురించి విడిగా చెప్పాలి, మాంసం వద్దని రాసినంత మాత్రాన జెల్లీ గుర్తుకు రాకపోవచ్చు. పెరుగన్నం మీద బెంగతో మొదటి ఏడాది బాబు సగం పళ్లెం వదిలేసేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే అన్నం పెట్టేదాన్ని. చలికాలంలో మధ్యాహ్నం వేడిగా ఏదో ఒకటి కడుపులో పడుతోందన్నదే నాకు ధైర్యం. విహారయాత్రకు తీసుకెళ్లిన రోజున ఉచిత భోజనం పిల్లలకు బడే పొట్లం కట్టి ఇచ్చింది.

పళ్లెం ముందు ఎవరి భోజనం ఉచితమో ఎవరికీ తెలియకపోవడం ఈ పథకంలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం. ప్రాథమిక బడిలో వేరే వరుస లేదు, వేరే టోకెన్ లేదు. బాబు చేరిన సెకండరీలో వేలిముద్ర వేసి తీసుకుంటారు, డబ్బు కట్టే పిల్లవాడూ అలాగే వేస్తాడు. అయితే అక్కడ రోజుకు ఇంత అని మొత్తం ఉంటుంది, ఆ రోజు వాడనిది మర్నాటికి కలవదు. ఉదయం విరామంలో ఏదైనా కొంటే మధ్యాహ్నం భోజనానికి చాలదు. ఎదిగే వయసు పిల్లవాడికి అది చాలా తక్కువ మొత్తం, ఈ విషయంలో మార్పు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

సెలవుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఈస్టర్, వేసవి, క్రిస్మస్ సెలవుల్లో కౌన్సిళ్లు నడిపే ‘హాలిడే యాక్టివిటీస్ అండ్ ఫుడ్’ శిబిరాలకు మా పిల్లలకు కోడ్ వచ్చింది. ఆటలు, ఈత, భోజనం అన్నీ ఉచితమే. కోడ్ వచ్చిన రోజే చోటు బుక్ చేసుకోకపోతే దగ్గరి శిబిరాలు నిండిపోతాయి.

ఈ దేశానికి రాకముందు బాబు కృష్ణా జిల్లాలో మా ఊరి మండల పరిషత్ బడిలో చదివాడు. అక్కడ నేను ఏ ఫారమూ నింపలేదు, జీతం కాగితం ఎవరూ అడగలేదు. గుడ్డు, చిక్కీ, శనివారం తీపి పొంగలి బడికి వచ్చిన ప్రతి బిడ్డకూ పెట్టారు. వండిన భోజనం పెట్టి తీరాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఆదేశం తరువాత, మన దగ్గర ప్రభుత్వ బడికి వచ్చే పిల్లవాడికి అర్హత పరీక్ష లేదు. ఆ పథకం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు మీద నడుస్తోంది. ఇక్కడి వంటగది శుభ్రత, ప్రమాణాలు అక్కడ లేవని నాకు తెలుసు. అయినా ఆకలికి ముందు కాగితం అడగకపోవడం అన్న ఒక్క విషయంలో మా ఊరి బడే మేలని నేను నమ్ముతున్నాను. ఇంగ్లండ్ కూడా చిన్న తరగతుల వరకు ఆ మాట ఒప్పుకుంది, పెద్ద తరగతులకు ఇంకా ఒప్పుకోలేదు.

సెప్టెంబరులో పిల్లలను బడిలో చేర్చబోతున్నవారు జూలైలో బడులు మూసేలోగానే ఫారం అడగండి, వేసవి సెలవుల్లో ఆఫీసుల్లో జవాబిచ్చేవారు ఉండరు. బడి మారినా, ఊరు మారి కౌన్సిల్ మారినా మొదటినుంచి మళ్లీ చేయాలి. బాబు సెకండరీకి మారినప్పుడు పాత మంజూరు దానంతట అది వెంట రాలేదు, కాగితాలన్నీ కొత్త బడికి మళ్లీ ఇచ్చాము. పోర్టల్ ‘అర్హత లేదు’ అంటే అక్కడితో ఆగకుండా, ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ కుటుంబాల ఫారం కావాలని ఆ మాటలతోనే అడగండి.