తెలుసు, ఎరుగుదును, వచ్చు: చెక్‌లో ఏ మాట ఎక్కడ మేలు?

ఇంగ్లీషు–చెక్ నిఘంటువులో ‘తెలుసు’ అనే అర్థమున్న ‘నో’ క్రియ దగ్గర ఆగితే ముఖ్యంగా మూడు మాటలు ఎదురవుతాయి: వ్యెద్యెత్, జ్నాత్, ఉమ్న్యెత్. ఒకదాని చోట మరొకటి పెడితే చాలాసార్లు వాక్యం చెడిపోతుంది. చెక్ నేర్చుకునే తెలుగువారు ఇక్కడ ఇంగ్లీషు చెయ్యి పట్టుకుని నడిస్తే తడబడక తప్పదు. తెలుగు చెయ్యి పట్టుకుంటే చాలా మేలు. మనకూ మూడు మాటలున్నాయి కదా: తెలుసు, ఎరుగుదును, వచ్చు.

ముందు తేలికైనది చూద్దాం. ఉమ్న్యెత్ అంటే మన ‘వచ్చు’. ‘నాకు ఈత వచ్చు’ అనాలంటే ‘ఉమీమ్ ప్లవత్’. (ఆ ‘ప్లవత్’లో మన ‘ప్లవనం’ వినిపిస్తే అది భ్రమ కాదు, రెండింటికీ మూలధాతువు ఒకటే.) ‘మీకు చెక్ వచ్చా?’ అని అడగాలంటే ‘ఉమీతె చెస్కి?’. వంట, కుట్టుపని, భాష, సైకిలు తొక్కడం, ఇలా నేర్చుకుంటే వచ్చేవన్నీ దీని కిందికే వస్తాయి. ‘నాకు ఈత వచ్చు’ అన్నా, ‘నేనిక్కడ ఈదవచ్చు’ అన్నా ఇంగ్లీషు ‘క్యాన్’ అనే ఒక్క మాటతో సరిపెడుతుంది. చెక్ మాత్రం మనలాగే రెండింటినీ వేరు చేస్తుంది: మొదటిదానికి ‘ఉమీమ్’, రెండోదానికి ‘మూజు’, అనుమతి సంగతైతే ‘స్మీమ్’. కళను చెక్‌లో ‘ఉమ్న్యెనీ’ అంటారు, కళాకారుణ్ణి ‘ఉమ్న్యెలెత్స్’ అంటారు. కళ అంటే ‘వచ్చినది’ అన్న ఆ ఊహ నాకెంతో నచ్చుతుంది.

అసలు చిక్కు మిగిలిన రెండింటితోనే. ‘ఆయన ఎక్కడ ఉంటాడో తెలుసు’, ‘ఆయన నాకు తెలుసు’ అనే రెండు వాక్యాల్లోనూ మనం ‘తెలుసు’ అనే అంటాం. చెక్‌లో మొదటిది ‘వీమ్, గ్దె బిద్లీ’, రెండోది ‘జ్నామ్ హొ’. (‘నేను’తో వ్యెద్యెత్ ‘వీమ్’ అవుతుంది, జ్నాత్ ‘జ్నామ్’ అవుతుంది.) ‘వీమ్ హొ’ అంటే తప్పు. నేను చాలాకాలం ఈ తప్పే చేశాను. ‘తెలుసు’ను పక్కన పెట్టి ‘ఆయనను ఎరుగుదును’ అని మనసులో అనుకోవడం మొదలుపెట్టాకే అది పోయింది. ‘ఎరుగుదును’కు కర్త ‘నేను’, ‘నాకు’ కాదు. ‘ఆయనను’ అన్నది ద్వితీయా విభక్తి. ‘జ్నామ్ హొ’లో కూడా సరిగ్గా ఇదే అమరిక. వాళ్ల లెక్కలో ఆ విభక్తిది నాలుగో స్థానం, అంతే తేడా.

అయితే ‘ఎరుగు’ అన్నిచోట్లా కొలతకు సరిపోదు. ‘ఆ సంగతి నేనెరుగను’ అని మనం అంటాం, తెలంగాణలో ‘నాకెరుకే’ అంటారు. ఇవి వ్యెద్యెత్ చోట్లు. కాబట్టి వెనకాల ‘ఎక్కడో’, ‘ఎందుకో’, ‘అని’ లాంటి మాటతో ఒక వాక్యం వేలాడుతుంటే వ్యెద్యెత్, మనిషో ఊరో పాటో ఉంటే జ్నాత్ అని గుర్తుపెట్టుకోవడం మేలు. చిరునామా వంటి కొన్నిటికి రెండూ వినిపిస్తాయి.

ఒక పద్యాన్ని తీసుకుంటే మూడూ విడివిడిగా కనిపిస్తాయి. అది శతక పద్యమని తెలుసు: వ్యెద్యెత్. ఆ పద్యం తెలుసు, ఎవరైనా ఎత్తుకుంటే గుర్తుపడతాను: జ్నాత్. ఆ పద్యం వచ్చు, ఇప్పుడే అప్పజెబుతాను: ఉమ్న్యెత్.

ఈ మాటల వంశం తెలిస్తే వాటి మీద మమకారం పెరుగుతుంది. వ్యెద్యెత్ మన ‘వేదం’ పుట్టిన ధాతువు నుంచే పుట్టింది. చూడడం అనే అర్థమున్న ‘విద్యెత్’ దాని తోబుట్టువు. చెక్‌లో విజ్ఞానశాస్త్రం ‘వ్యెద’, సాక్షి ‘స్వ్యెదెక్’. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ‘సాక్షి’లో కన్ను ఉంది, చెక్ సాక్షిలో తెలివిడి ఉంది. జ్నాత్ మన ‘జ్ఞానం’తో బంధువు. ఇంగ్లీషు ‘నో’ కూడా ఈ రెండో ఇంటిదే. వేదం వైపు చుట్టమైన పాత క్రియ ఒకటి ఇంగ్లీషులోనూ ఉండేది. అది మరుగున పడ్డాక దాని పని కూడా ‘నో’ మీదే పడింది. ‘విట్‌నెస్’ అనే మాటలో ఆ పాత క్రియ ఆనవాలు ఇంకా ఉంది.

తెలుగు కూడా దారి తప్పించే చోటు ఒకటుంది. ‘అలసిపోయాడని చూస్తేనే తెలుస్తోంది’ అనేటప్పుడు మన చెవి వ్యెద్యెత్ కోరుతుంది, చెక్ మాత్రం ‘యె జ్నాత్’ అంటుంది. దీన్ని విడిగా కంఠస్థం చేయాల్సిందే.

రోజూ పనికొచ్చేది మాత్రం ‘తెలియదు’. ప్రాగ్ వీధిలో ఎవరైనా ట్రామ్ ఎప్పుడొస్తుందని అడిగితే ‘నెవీమ్’ అనాలి. ఫలానా మనిషి తెలుసా అని అడిగితే ‘నెజ్నామ్’ అనాలి. చెక్ వచ్చా అని అడిగితే ‘నెఉమీమ్’ అనాలి.