యూకే జాగ్రఫీ మాస్టర్స్‌లో ఐస్‌లాండ్ ఫీల్డ్ ట్రిప్: అంత డబ్బు పెట్టి వెళ్లాలా? నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, కుదిరితే తప్పకుండా వెళ్లండి. అయితే ఏ రోజు ఎక్కడ ఎంతసేపు ఉంటారో రాసిన షెడ్యూల్ చేతికొచ్చాకే డబ్బు కట్టండి. యూకేలో ఫిజికల్ జాగ్రఫీ చదవడానికి వద్దామనుకుంటున్న మన పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ నన్ను అడిగేది ఒకటే: "అంత ఫీజు కట్టాక మళ్లీ ఈ విదేశీ ట్రిప్ ఎందుకు, అది టూరే కదా?" టూర్‌గా మారిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. మా ట్రిప్‌లో కొంత భాగం అచ్చంగా టూర్‌లాగే గడిచింది. మిగతా భాగంలో మాత్రం నా చదువు మొత్తంలో ఎప్పుడూ నేర్చుకోనంత నేర్చుకున్నాను. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పాలనే ఈ రివ్యూ. యూనివర్సిటీ పేరు రాయను.

టూర్ భాగం ముందు చెప్పేస్తాను. రెక్యావిక్‌లో దిగిన మర్నాడు అందరినీ బస్సెక్కించి గోల్డెన్ సర్కిల్ తిప్పారు, అంటే టూరిస్టులంతా వెళ్లే దారే: థింగ్‌వెల్లిర్, స్ట్రొక్కుర్ వేడినీటి బుగ్గ, గుల్‌ఫాస్ జలపాతం, అన్నీ ఒక్క రోజులో. బాగుంటాయా అంటే చాలా బాగుంటాయి. స్ట్రొక్కుర్ కొన్ని నిమిషాలకోసారి ఎగజిమ్ముతుంటే ఎంతసేపైనా నిలబడి చూడొచ్చు. కానీ దిగడం, ఆ గాలిలో లెక్చరర్ చెప్పేది సగం వినబడటం, ఫొటోలు, మళ్లీ బస్సు. థింగ్‌వెల్లిర్ లాంటి చోటుకి ఇది అన్యాయం. ఐస్‌లాండ్ వాళ్లు తమ సభ ఆల్‌థింగ్‌ని 930లో మొదలుపెట్టింది అక్కడే. భూమి పైపొరలోని ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నదీ అక్కడే. అందరూ ఒక పగులు దగ్గర నిలబడి "ఒక కాలు అమెరికాలో, ఒక కాలు యూరప్‌లో" అని ఫొటో దిగుతారు. నిజానికి ఆ హద్దు ఒక గీత కాదు. కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న లోయ మొత్తం హద్దే, దాని నిండా పగుళ్లు. 1789 భూకంపాల్లో ఆ లోయ అడుగు మీటరుకు పైగా కుంగింది. ఒక పూట ఇచ్చి, చేతికి టేపు ఇచ్చి పగుళ్ల వెడల్పు కొలవమంటే ఇది జన్మలో మరిచిపోం. మాకు గంట కూడా ఇవ్వలేదు.

దక్షిణ తీరానికి వెళ్లాక అసలు ట్రిప్ మొదలైంది. సోల్‌హైమయోకుల్ అని ఒక గ్లేసియర్ (మెల్లగా కదిలే మంచు నది) ఉంది, మిర్దల్స్‌యోకుల్ అనే విశాలమైన మంచు ప్రాంతం నుంచి కిందికి దిగే ఒక పాయ. ఆ పెద్ద మంచు కింద కట్లా అగ్నిపర్వతం ఉంది, అది చివరిసారి భారీగా పేలింది 1918లో. పార్కింగ్ నుంచి నడుస్తుంటే ముందు కనిపించేది మంచు కాదు, సరస్సు. కొన్నేళ్ల కిందట ఆ సరస్సు ఉన్నచోట మంచే ఉండేది. 2010 నుంచి హ్వోల్స్‌వోల్లుర్ ఊరి స్కూలు పిల్లలు ఏటా వచ్చి మంచు అంచు ఎంత వెనక్కి పోయిందో కొలుస్తున్నారు, ఆ లెక్క అక్కడే బోర్డు మీద ఉంటుంది. వాతావరణ మార్పు మీద నేను చదివిన పేపర్లన్నీ ఒక ఎత్తు, బడి పిల్లల ఆ బోర్డు ఒక ఎత్తు.

మాకిచ్చిన పని వినడానికి చాలా చిన్నది. మంచు దగ్గర మొదలుపెట్టి, కరిగిన నీరు పారే దారి వెంట కిందికి వెళ్తూ, మధ్యమధ్య ఆగి కొన్ని రాళ్లు ఏరి, ఒక్కో రాయి పొడవు, వెడల్పు, మందం కాలిపర్‌తో (రెండు దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) కొలిచి, ఎంత గుండ్రంగా ఉందో చార్టుతో పోల్చి అంకె వేయాలి. మంచు దగ్గర రాళ్లు కోసుగా ఉంటాయి, నీటిలో దొర్లేకొద్దీ చిన్నవై నునుపుదేలతాయి, పుస్తకంలో ఉన్నది ఇంతే. స్కూలు పిల్లలకి కూడా తెలిసిన విషయానికి ఇంత దూరం రావాలా అని మా బ్యాచ్‌లో కొందరు ఉదయం గొణిగారు, మధ్యాహ్నానికి ఆ మాట ఎవరి నోటా లేదు. ఎందుకంటే నేను 'కాస్త గుండ్రం' అన్న రాయినే నా గ్రూపులో అమ్మాయి 'కోసుగానే ఉంది' అంది, ఇద్దరి చేతిలోనూ అదే చార్టు. మరి ఎవరి అంకె రాయాలి? ఏ రాయి తీయాలన్నదీ పెద్ద ప్రశ్నే. కంటికి ఆనినది తీస్తే అన్నీ పెద్ద రాళ్లే వస్తాయి, అందుకని కిందికి చూడకుండా వంగి, కాలి బొటనవేలి దగ్గర చేతికి మొదట తగిలిన రాయే తీయాలి. ఇంత జాగ్రత్తగా చేసినా ఒకచోట లెక్క తిరగబడింది, కిందనున్న రాళ్లు పైవాటికంటే కోసుగా వచ్చాయి. మా కొలత తప్పా, పుస్తకం తప్పా అని చాలాసేపు వాదించుకున్నాం. లెక్చరర్ జవాబు చెప్పలేదు, పక్కనున్న వాలు వైపు చెయ్యి చూపించి ఊరుకున్నారు. అక్కడి నుంచి కొత్త రాళ్లు జారి వాగులో పడుతున్నాయి!

రాత్రి హాస్టల్‌లో అందరి అంకెలూ ఎక్సెల్‌లో వేసి చూస్తే, కొన్నిచోట్ల రాళ్ల మధ్య తేడా కంటే కొలిచినవాళ్ల మధ్య తేడానే ఎక్కువ. క్లాసులో ఎర్రర్ బార్ అంటే కొలత ఎంత అటూఇటూ కావచ్చో చూపడానికి గ్రాఫ్ మీద గీసే ఒక గీత, అంతకుమించి దాని గురించి ఎవరం ఆలోచించం. ఇక్కడ అది నాకూ మా గ్రూపు అమ్మాయికీ మధ్య నడిచిన వాదన. ఆ తర్వాత నేను ఏ పేపర్ తీసినా ముందు చూసేది ఎవరు కొలిచారు, ఎలా ఎంచుకున్నారు, ఇంకొకరు కొలిస్తే అదే వస్తుందా అన్నదే. ఈ ట్రిప్‌లో నాకు దక్కిన అతి పెద్ద లాభం ఇదే, గ్లేసియర్ చూడటం దీని తర్వాతే.

లైకెన్ కొలత కూడా ఇలాంటిదే. రైజోకార్పన్ జియోగ్రాఫికమ్ అని పసుపు-ఆకుపచ్చ రంగులో రాళ్ల మీద మచ్చల్లా అంటుకుని పెరిగే లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి) ఉంది, ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగదు. గ్లేసియర్ వెనక్కి పోతూ వదిలేసిన రాళ్ల కట్ట మీద అన్నింటికంటే పెద్ద లైకెన్ వెతికి దాని వెడల్పు కొలిస్తే, మంచు ఆ చోటుని వదిలి కనీసం ఎన్నేళ్లైందో అంచనా వేయొచ్చు. పెరిగే వేగం తెలియాలంటే వయసు తెలిసిన రాళ్లు కావాలి, అందుకు ఏళ్లు చెక్కి ఉన్న సమాధి రాళ్లు, తేదీ తెలిసిన లావా ప్రవాహాలు పనికొస్తాయి. చలిలో మోకాళ్ల మీద కూర్చుని స్కేలు పట్టుకుని వెతికితే తప్ప ఇలాంటి పద్ధతి మీద నమ్మకమూ కుదరదు, ఎక్కడ నమ్మకూడదో కూడా తెలియదు.

స్కైదరార్‌సాండుర్ అనే మైదానం గురించి మాత్రం కాస్త పొడుగ్గానే రాస్తాను, మన ఊళ్లలో వరదలు చూసినవాళ్లకి అది వేరేగా తగులుతుంది. కనుచూపు మేర నల్ల ఇసుక, గులకరాళ్లు, ఒక పక్క మంచు, ఇంకో పక్క సముద్రం. 1996 సెప్టెంబరు చివర వాట్నయోకుల్ మంచు కింద అగ్నిపర్వతం పేలింది. కరిగిన నీరు నెలకు పైగా మంచు కిందే గ్రిమ్స్‌వోట్న్ అనే గుంటలో చేరుతూ వచ్చి, నవంబరు 5న ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది. ఆ ప్రవాహం గరిష్ఠంగా సెకనుకు సుమారు 45,000 ఘనపు మీటర్లని అంచనా. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 16 లక్షల క్యూసెక్కులు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో వచ్చింది 11 లక్షల పైచిలుకు, అదీ కృష్ణ లాంటి పెద్ద నది అంతా కలిసి. 1974లో దేశం చుట్టూ రింగ్ రోడ్డు పూర్తయింది ఈ మైదానం మీద కట్టిన వంతెనలతోనే, ఆ వరద వాటిలో ఒకదాన్ని పూర్తిగా ఎత్తుకుపోయింది. మెలితిరిగిన ఇనుప దూలాలు ఇప్పటికీ రోడ్డు పక్కన ఉన్నాయి, పక్కన నిలబడితే మనిషి చాలా చిన్నగా కనిపిస్తాడు. ఒక్క ప్రాణం కూడా పోలేదు, ఎందుకంటే శాస్త్రవేత్తలు నీటిమట్టం గమనిస్తూనే ఉన్నారు, రోడ్డు ముందే మూసేశారు. విజయవాడలో బుడమేరు నీళ్లలో చిక్కుకున్న చుట్టాలున్న నాకు ఆ మాట దగ్గర గొంతు పట్టేసింది. ముందస్తు హెచ్చరిక అనేది సిలబస్‌లో ఒక టాపిక్ మాత్రమే కాదని అక్కడ తెలిసింది.

ఇంకో లాభం నేను అనుకోనిది. 1783లో లాకి దగ్గర 27 కిలోమీటర్ల పొడవున నేల చీలి ఎనిమిది నెలల పాటు లావా పారింది, ఆ తర్వాత వచ్చిన కరువులో ఐస్‌లాండ్ జనాభాలో దాదాపు ఐదో వంతు చనిపోయారు. ఆ లావా మైదానం మీద ఇప్పుడు మందంగా నాచు పట్టి ఉంటుంది, రింగ్ రోడ్డు దాని మధ్యలోంచే పోతుంది. అక్కడ నిలబడి లెక్చరర్ దక్కన్ ట్రాప్స్ గురించి చెప్పడం మొదలుపెట్టారు: సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఇలాంటి లావాయే, ఊహకందనంత పెద్ద ఎత్తున, ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్లలో మిగిలి ఉందని. వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్నది అదే. రాజమండ్రి దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా ఆ లావాదేనని, పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడిదాకా వచ్చిందని చాలామంది భూవిజ్ఞానులు అంటారు. ఆ కంకర లారీల వెనకాల ఎన్నిసార్లు ప్రయాణించానో! మన నేలని ఇప్పుడు నేను వేరే కళ్లతో చూస్తున్నాను, నా డిసర్టేషన్ కూడా ఆ రాయి మీదే పెట్టుకున్నాను.

హ్యూమన్ జాగ్రఫీ భాగం నాకు తక్కువే అనిపించింది. ఏడాదికి 20 లక్షలకు పైగా టూరిస్టులు వచ్చే దేశంలో జనాభా 4 లక్షల లోపే, దాని ప్రభావం మీద విక్ అనే ఊళ్లో ఇంటర్వ్యూలు చేయాలి. ముందుగా ఎథిక్స్ ఫారం, సమ్మతి పత్రం రాయడం, ఎదుటి మనిషి "టైమ్ లేదు" అంటే మర్యాదగా తప్పుకోవడం నేర్చుకున్నాం, అది మంచిదే. హోటళ్లలో మాట్లాడినవాళ్లలో చాలామంది పోలండ్ నుంచి వచ్చినవాళ్లు, "స్థానికుల అభిప్రాయం" అని మేం రాసుకెళ్లిన ప్రశ్నలన్నీ అక్కడికక్కడే మార్చుకోవాల్సి వచ్చింది. ఇంకాస్త సమయం ఉంటే బాగుండేది.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం, వీసా. ఐస్‌లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) ఉంది. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న క్లాస్‌మేట్స్ బ్యాగు సర్దుకుని వచ్చేస్తారు. యూకే స్టూడెంట్ వీసా ఉన్నా సరే, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి షెంజెన్ వీసా కావాలి: 90 యూరోల ఫీజు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అపాయింట్‌మెంట్ కోసం పడిగాపులు. ప్రయాణానికి ఆరు నెలల ముందే అప్లై చేసుకోవచ్చు, కానీ మా డిపార్ట్‌మెంట్ ట్రిప్ లెటర్ ఇవ్వడానికి అంత ఆలస్యం చేస్తే ఇంకేం లాభం? వీసా చేతికి వచ్చేదాకా నాకు నిద్ర లేదు. మా బ్యాచ్‌లో ఇంకో తెలుగమ్మాయికి, ఒక నైజీరియా అబ్బాయికి సమయానికి రానేలేదు. ఇంటర్నేషనల్ స్టూడెంట్లం అందరికంటే ఎక్కువ ఫీజు కట్టేది మేమే, కోర్సులో భాగమైన ట్రిప్‌కి వీసా ఖర్చు భరించనిదీ, సమయానికి కాగితం ఇవ్వనిదీ మాకే. ఇది ఏ రకంగా చూసినా న్యాయం కాదు. ఆ ఇద్దరూ గట్టిగా అడిగాక ప్రత్యామ్నాయంగా వేల్స్‌లోని స్నోడోనియా కొండ ప్రాంతానికి పంపారు.

అయితే ఆ అమ్మాయి చెప్పింది విన్నాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. చిన్న గ్రూపు, ఒకే లోయలో రోజుల తరబడి పని, రోజూ స్కెచ్‌లు, కొలతలు. ఆ లోయ పేరు కుమ్ ఇద్వాల్. చార్లెస్ డార్విన్ 1831లో తన గురువు సెడ్జ్‌విక్‌తో అక్కడికి వెళ్లి శిలాజాల కోసం వెతికాడు, కళ్లెదుటే ఉన్న గ్లేసియర్ గుర్తులు ఇద్దరికీ కనబడలేదు. తర్వాత మళ్లీ వెళ్లి చూసి, 1842లో ఆ గుర్తుల గురించి రాశాడు. ఆ కథ విని అదే రాళ్ల ముందు కూర్చుని గ్లేసియర్ గీసిన గీతలు వెతికిన అమ్మాయి, మేం గోల్డెన్ సర్కిల్‌లో గడిపిన రోజు కంటే ఎక్కువే నేర్చుకుందని ఖాయంగా చెప్పగలను.

ఖర్చు సంగతి క్లుప్తంగా. మాకు విమానం, బస, బస్సు కోర్సులోనే కలిపారు, కొన్ని యూనివర్సిటీల్లో విడిగా కట్టాలి. తిండి మాత్రం చేతి ఖర్చే, ఐస్‌లాండ్‌లో బయట తింటే జేబు ఖాళీ. బోనస్ సూపర్‌మార్కెట్‌లో సరుకులు కొని హాస్టల్ కిచెన్‌లో అన్నం వండుకున్నాం, ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి మా గ్రూపు అంతటినీ ఆదుకుంది. వాటర్‌ప్రూఫ్ జాకెట్, ప్యాంటు రెండూ కావాలి. వానలో పెన్ను రాయదు, పెన్సిళ్లు పెట్టుకోండి. రేనిస్‌ఫ్యారా బీచ్‌లో అలలు చెప్పకుండా మీదికొస్తాయి, ప్రాణాలు పోయిన చోటు అది, లెక్చరర్ గీసిన గీత దాటొద్దు.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. తగ్గించిన ఒకటీ వీసా విషయంలో డిపార్ట్‌మెంట్ తీరుకే. మీ కోర్సులో ఇలాంటి ట్రిప్ ఉంటే చేరకముందే మెయిల్ పెట్టి అడగండి: ఒకే చోట పూర్తి రోజు పనిచేసే రోజులు ఎన్ని, ఫీల్డ్ నోట్‌బుక్‌కి మార్కులు ఉన్నాయా, ఆ డేటా డిసర్టేషన్‌కి వాడుకోవచ్చా, వీసా లెటర్ ఏ నెలలో ఇస్తారు, వీసా రాకపోతే ఏం చేస్తారు. తేదీల్లో ఎంచుకునే అవకాశం ఉంటే వేసవి చివర తీసుకోండి, ఏప్రిల్‌లో ఎత్తు ప్రాంతాల దారులన్నీ మంచుతో మూసి ఉంటాయి, లాకి బిలాల దాకా వెళ్లే రోడ్డు వేసవిలోనే తెరుస్తారు.