విట్‌గెన్‌స్టైన్: మొదటి పుస్తకమా, రెండోదా?

తత్వవేత్త లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్‌ను చదవాలంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఆయన బతికుండగా అచ్చయిన తత్వశాస్త్ర గ్రంథం ఒక్కటే, 1921 నాటి ‘ట్రాక్టేటస్’. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఉంటూ రాసిన చిన్న పుస్తకం. వాక్యాలన్నిటికీ నంబర్లు, అందులో ప్రధానమైనవి 7. వాక్యం వాస్తవానికి గీసిన బొమ్మ లాంటిదని, బొమ్మ కట్టలేని చోట మౌనమే సరైనదని అంటాడు. అందంగా ఉంటుంది, కానీ తర్కశాస్త్రం తెలియకపోతే మొదటి పేజీల్లోనే టెన్షన్ పుడుతుంది.

‘ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్’ ఆయన పోయిన రెండేళ్లకు, 1953లో వచ్చింది. ఇందులో తన పాత ఆలోచననే తప్పుపడతాడు. ఎంత ధైర్యం! మాటకు అర్థం చాలావరకు దాని వాడుకలోనే ఉందంటాడు. ‘ఆట’ అనే మాటనే చూడమంటాడు: అన్ని ఆటలకూ ఉమ్మడిగా ఉండే లక్షణం ఒక్కటీ దొరకదు, కుటుంబ సభ్యుల ముఖాల్లో లాగా అక్కడక్కడా పోలికలుంటాయంతే. తెలుగులో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కబడ్డీ ఆటే, పేకాట ఆటే, సినిమా మొదటి ఆట కూడా ఆటే!

నేనైతే రెండోదానితోనే మొదలుపెట్టమంటాను. రోజుకు రెండు మూడు పేరాలు చాలు. ‘ట్రాక్టేటస్’ ఆ తర్వాత తెరవండి. ఆయన దేన్ని వదులుకున్నాడో అప్పుడు కనిపిస్తుంది.