మూడేళ్లు వాడిన రసాయనశాస్త్రం గైడు: కొలతల అధ్యాయం బంగారం, మోల్ అధ్యాయం జాగ్రత్త

నర్సింగ్ ప్రవేశ పరీక్షకు చదివేటప్పుడు పాత పుస్తకాల దుకాణంలో కొన్న సన్నని గైడు ఇది. నేను రాసిన ఎయిమ్స్ బీఎస్సీ నర్సింగ్ పరీక్షలో 100 ప్రశ్నలకు 30 రసాయనశాస్త్రానివే. సీటు వచ్చాక కూడా దీన్ని వదల్లేదు. అందుకు ఒక్కటే కారణం, కొలతల అధ్యాయం.

0.25 గ్రాములు ఎన్ని మిల్లీగ్రాములని అడిగి, బిందువును జరపమని ఊరుకోదు ఈ పుస్తకం. ప్రతి మెట్టులోనూ అంకె పక్కన ప్రమాణం రాయిస్తుంది, పైనా కిందా ఉన్న గ్రాములను కొట్టివేయిస్తుంది. మొదట్లో విసుగు పుట్టింది. ఇప్పుడు ఆ అలవాటే నన్ను కాపాడుతోంది. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, ఎక్కించే గొట్టం సెట్టు మి.లీ.కి 20 చుక్కలది. సూత్రం గుర్తు లేకపోయినా ప్రమాణాలు రాసుకుంటూ పోతే నిమిషానికి 42 చుక్కలని తేలుతుంది.

మోల్ అధ్యాయం మాత్రం నిరాశపరిచింది. నిర్వచనం ఇంకా 12 గ్రాముల కార్బన్-12 దగ్గరే ఉంది. 2019 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు. 5.85 గ్రాముల ఉప్పుతో 500 మి.లీ. ద్రావణం చేస్తే మోలారిటీ, అంటే లీటరు ద్రావణంలో ఉండే మోల్‌ల సంఖ్య, 0.2 రావాలి, జవాబుల పట్టికలో 0.1 అని ఉంది. రెండు రోజులు నా లెక్కే తప్పనుకుని మథనపడ్డాను. పైగా రోజూ చూసే ఉదాహరణ ఒక్కటీ లేదు. 0.9 శాతం సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని ఉప్పు అణుభారం 58.5తో భాగిస్తే 0.154 మోల్, అంటే 154 మిల్లీమోల్స్. సీసా మీద సోడియం 154 అని చదివిన రోజున గాని మోల్ నాకు ఒంటబట్టలేదు. ఐర్లండ్‌లో నర్సుగా ఉన్న మా అక్క రక్తంలో చక్కెర 10 అంటుంది. అది లీటరుకు 10 మిల్లీమోల్స్, మన లెక్కలో డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు. గ్లూకోజు అణుభారం 180 అని తెలిసినవారికి ఇది అర నిమిషం పని.

నేను క్షమించలేని తప్పు ఇంకొకటి ఉంది. మైక్రోగ్రాము గుర్తులోని మ్యూ అక్షరం మూడు చోట్ల ‘ఎమ్’గా అచ్చయి మిల్లీగ్రాముగా మారింది. అంటే వెయ్యి రెట్ల తేడా! పరీక్షలో అయితే ఒక మార్కుతో పోతుంది. 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర రాసిన చోట అదే పొరపాటు జరిగితే? మందుల పత్రంలో ఆ గుర్తు వాడకుండా మైక్రోగ్రాము అని పూర్తిగా రాయమని మాకు నేర్పేది ఇందుకే.

కొలతల అధ్యాయం కోసం ఈ గైడును నిస్సంకోచంగా కొనవచ్చు. మోల్ లెక్కలకు ఇంటర్ పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకోండి. నా ప్రతి ఇప్పుడు మా పిన్ని కూతురి దగ్గర ఉంది. ఇచ్చే ముందు ఆ మూడు చోట్లా, 0.1 ఉన్న చోటా ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చాను.