గొంతుకు అడ్డం పడితే: వీపు మీద చరచడమా, పొట్ట నొక్కడమా?

వేరుశనగ పలుకో, సీతాఫలం గింజో అడ్డం పడిన మనిషి గట్టిగా దగ్గగలుగుతుంటే ఏ పద్ధతీ వద్దు, దగ్గనివ్వండి. మాట రాక, దగ్గు చప్పుడు లేక, పెదాలు నీలం తిరుగుతుంటే మాత్రం క్షణం ఆగకూడదు. పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి.

ముందు వీపు. పక్కగా నిలబడి, ఒక చెయ్యి ఛాతీకి ఆనించి, మనిషిని నడుము దగ్గర బాగా ముందుకు వంచండి. వీపు మీద రెండు రెక్క ఎముకల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో 5 సార్లు బలంగా చరచండి. మన ఇళ్లలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది: నిటారుగా కూర్చోబెట్టి నెత్తి మీద తడతారు, నీళ్లు తాగిస్తారు. నిటారుగా ఉంటే కదిలిన గింజ ఇంకా కిందికి జారవచ్చు, నీళ్లు ఊపిరి గొట్టంలోకి పోవచ్చు.

ఫలితం లేకపోతే పొట్ట. 1974లో అమెరికా డాక్టరు హెన్రీ హైమ్లిక్ వెల్లడించిన పద్ధతి ఇది. వెనక నిలబడి, పిడికిలిని బొడ్డుకు కాస్త పైన, రొమ్ము ఎముక కొసకు బాగా కింద ఆనించి, రెండో చేత్తో పట్టి లోపలికి, పైకి 5 సార్లు గుంజాలి. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలే గింజను బయటికి తోస్తుంది. పక్కటెముకలు, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక తర్వాత డాక్టరుకు చూపించి తీరాలి. బయటపడేదాకా 5 చరుపులు, 5 నొక్కులు మార్చి మార్చి చేయండి.

ఏడాది లోపు పసిబిడ్డకు పొట్ట నొక్కడం అసలు వద్దు. తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పెట్టి 5 చరుపులు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యన 5 నొక్కులు. నిండు గర్భిణికీ పొట్ట కాదు, ఛాతీయే నొక్కాలి.

స్పృహ తప్పితే రెండూ ఆపి సీపీఆర్ (ఛాతీని పదే పదే నొక్కుతూ, నోటితో ఊపిరి అందించడం) మొదలుపెట్టాలి. నోట్లో కనిపించని వస్తువు కోసం వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.